ప్రార్థనక్క అలక

"ప్రభువా, ఇంకొక్క మాట," అంది ఆర్టిస్టు తల్లి.

అప్పటికి అది నాలుగో ఇంకొక్క మాట. బల్లమీద అన్నం పొగలు మానేసి చాలాసేపయింది. కూరమీద నూనె పేరుకుంటోంది. కళ్ళు మూసుకుని కూర్చున్న ఆర్టిస్టు కడుపు గుర్రుమంది. ఆవిడ దాన్ని లెక్కచెయ్యలేదు.

"వెనకింటివాళ్ళ కుళాయి పది రోజుల్నించి కారుతోంది ప్రభువా, వాళ్ళకి కాస్త బుద్ధినివ్వు. మూలింటి పిల్లకి సంబంధం కుదిరినట్టే కుదిరి తప్పిపోయింది. అది నీకు తెలియనిది కాదు. నాకే నిన్న తెలిసింది..."

"అమ్మా, ఆయనకి తెలిసినవి వదిలేసి తెలియనివి మాత్రం చెప్పరాదూ? తొందరగా అయిపోతుంది," అన్నాడు ఆర్టిస్టు ఒక కన్ను తెరిచి.

"నువ్వు కళ్ళు మూసుకోరా! వాడి మాట పట్టించుకోకు ప్రభువా, ఆకలిమీదున్నాడు."

తెరిచిన ఆ ఒక్క కంటితోనే అతను భార్యవైపు చూశాడు. ఆమె వంటగది గుమ్మానికి ఆనుకుని, చేతిలో గరిటెతో నిలబడి ఉంది. తల వంచలేదు. కళ్ళు మూయలేదు. కిటికీ అవతల ఆరేసిన దుప్పటిని ఎన్నడూ చూడనట్టు చూస్తోంది.

మూడు వారాలుగా ఇదే వరస.

ఆ ఇంట్లో ఇరవై రెండేళ్ళుగా భోజనం ముందు ప్రార్థన ఆమెదే. నాలుగే ముక్కలు చెప్పేది, వింటే సగం ఆకలి తీరిపోయేది. చర్చిలోనూ అంతే. ఎవరింట్లో జ్వరమొచ్చినా, ఎవరి పిల్లలకి పరీక్షలొచ్చినా ముందు ఆమెకే కబురు. అసలు పేరు మరుగునపడి అందరూ ప్రార్థనక్క అనడం మొదలుపెట్టి పదేళ్ళయింది. అలాంటి మనిషి దేవుడితో మాటలు మానేసింది. చర్చికి వెళ్ళడం మానలేదు సుమండీ! ఆదివారం అందరికంటే ముందే వెళ్ళి మూడో బెంచీలో కూర్చుంటుంది. నోరు మాత్రం విప్పదు. మొగుడితో పోట్లాడిన ఇల్లాలు వంట మానకుండా మాటలే మానేస్తుంది చూడండి, సరిగ్గా ఆ పద్ధతి.

దీనికంతటికీ కారణం ఆర్టిస్టు కుడి మోచెయ్యి. చర్చి ముందుగోడమీద వాక్యం రాస్తూ, అదీ తనంతట తాను అడిగి ఉచితంగా రాస్తూ, నిచ్చెనమీంచి పడ్డాడు. నిన్ననే కట్టు విప్పారు. ఎముక అతికింది గానీ నరం నలిగిందన్నాడు డాక్టరు. ఉంగరపు వేలికీ చిటికెన వేలికీ స్పర్శ లేదు. రావడానికి మూడు నెలలు పట్టొచ్చు, ఆరు నెలలు పట్టొచ్చు, అసలు రాకపోనూ వచ్చు.

"చిటికెన వేలే కదండీ," అన్నాడు డాక్టరు ఓదార్పుగా.

ఆయనకేం తెలుసు పాపం! బోర్డులు రాసేవాడికి కుంచె పట్టే వేళ్ళన్నీ ఒక ఎత్తు, చిటికెన వేలొక్కటీ ఒక ఎత్తు. గోడమీద ఆనేది అదే. అది ఆనితేనే చెయ్యి వణకదు, అక్షరం గుండ్రంగా తిరుగుతుంది. ఆ సంగతి ఆర్టిస్టు డాక్టరుకి చెప్పలేదు. భార్యకి చెప్పనక్కర్లేదు. ఆస్పత్రి నుంచి ఇంటిదాకా ఆమె ఆ వేలిని తన గుప్పెట్లో పెట్టుకునే వచ్చింది. పట్టుకుందన్న సంగతి అతనికి కిందికి చూస్తేనే తెలిసింది.

అతనికి వేళ్ళ బెంగ లేదంటే అబద్ధం. ఉంది, చాలా ఉంది. కానీ ఎడమచేతి వాటం నేర్చుకోవచ్చు. పొద్దున్నే పాత పేపర్లమీద ఎడమచేత్తో అచ్చులు రాసి చూసుకున్నాడు కూడా. తాగొచ్చినట్టున్న 'ఆ'ని చూసి తనే పడీ పడీ నవ్వాడు. అదంతా ఎలాగో సర్దుకుంటుంది. ఆమె గొంతు వినకుండా అన్నం తినడం మాత్రం అతనికి చేతకావడం లేదు. ముద్ద లోపలికి దిగడం లేదు.

దానికి తోడు ఒక రహస్యం. నిచ్చెన ఎందుకు పడిందో ఆమెకి తప్ప చర్చి మొత్తానికి తెలుసు. ముందు బెంచీలో ఎవరైనా తుమ్మితే వెనక బెంచీలో న్యుమోనియా అని చెప్పుకునే సంఘం అది. అలాంటి సంఘం, ఆర్టిస్టు బతిమాలాడని, మూడు వారాలుగా నోరు కట్టుకుని కూర్చుంది. అందుకే అతనికి దేవుడిమీద నమ్మకం ఇంకా పెరిగింది.

మొత్తానికి తల్లి ప్రార్థన ముగిసింది.

"ఇక తినండి, చల్లారిపోతుంది," అంది ఆవిడ.

ప్రార్థనక్క వచ్చి వడ్డించింది. ఆర్టిస్టు ఎడమచేత్తో చెంచా పట్టుకుని, మెల్లగా మాట కదిపాడు.

"పొద్దున పాస్టరుగారు ఫోన్ చేశారు. రేపటి సాక్ష్యాల్లో మొదటి పేరు నీదేనట."

కట్టు విప్పిన తర్వాతి ఆదివారం ఆ ఇంటివాళ్ళు లేచి, దేవుడు తమని ఎలా కాపాడాడో చెప్పాలి. ఆ చర్చిలో అదొక ఆనవాయితీ.

"కొట్టేయమనండి," అందామె.

"పెన్నుతో రాశారట."

"అయితే ఆ కాయితం చింపేయమనండి."

"అది కాదే..."

"ఏది కాదు? లేచి ఏం చెప్పమంటారు నన్ను? తలకి తగలాల్సింది మోచేతికి తగిలింది, స్తోత్రం అనా? తలకి తగలకుండా చూసినవాడికి మోచేతికి తగలకుండా చూడడం అంత కష్టమా?"

ఆర్టిస్టు చెంచా దించాడు. దానికి పాస్టరుగారి దగ్గర ఒక జవాబుంది గానీ, అది చెబితే కూర గిన్నె నెత్తిన పడుతుందని భయపడ్డాడు.

"దొంగలున్నారు, తాగుబోతులున్నారు, వాళ్ళు ఎన్ని నిచ్చెనలెక్కలేదు! ఆయన గోడమీద ఆయన మాట రాస్తున్న మనిషే దొరికాడా పడెయ్యడానికి?"

"ఆయన పడెయ్యలేదే," అన్నాడు ఆర్టిస్టు, గబుక్కున.

"మరి?"

"నిచ్చెన... జారింది."

తల్లి కంచంలోకి వంగి చాలా శ్రద్ధగా అన్నం కలపడం మొదలుపెట్టింది. ప్రార్థనక్క ఇద్దర్నీ మార్చి మార్చి చూసింది. ఇంకేదో అడగబోయేంతలో తలుపు చప్పుడైంది.

వచ్చినవాడు డ్రైవరు. ఆర్టిస్టుకి చిన్నప్పటి స్నేహితుడు. లారీ తోలుతాడు. గుమ్మంలో నిలబడితే వీధి కనిపించనంత మనిషి. ఆరోజు నిచ్చెన కింద నిలబడి పట్టుకున్నది అతనే. ఆ తర్వాత ఈ గడప తొక్కలేదు.

"ఇన్నాళ్ళకి దారి తెలిసిందా తమ్ముడూ?" అంది ప్రార్థనక్క. ఆ మాటలో వేడి అందరికీ తగిలింది.

"దూరం లోడులక్కా. ఒకదాని వెనక ఒకటి..."

"నీ లారీ వెనక వీధిలో గోడ పక్కనే ఉంది. మూడు వారాలుగా దానిమీద పిట్టలు వాలుతున్నాయి."

డ్రైవరు తల వంచుకున్నాడు. మనిషి సగమైపోయాడు. చొక్కా భుజాలమీంచి వేలాడుతోంది.

"కూర్చో నాయనా, ముందు తిను," అని తల్లి కంచం జరిపింది.

"తినడానికి రాలేదు పెద్దమ్మా."

ఆర్టిస్టు అతనికి కళ్ళతో సైగ చేశాడు. చాలక, తల అడ్డంగా ఊపాడు. అదీ చాలక, బల్ల కింద కాలితో తన్నాడు. ఆ తన్ను తల్లికి తగిలింది.

"ఒరే, నన్నెందుకురా తన్నుతావు? చెప్పొద్దని వాడికి సైగ చెయ్యి!"

అంతే. ఆర్టిస్టు నెత్తి కొట్టుకున్నాడు.

"ఏం చెప్పొద్దని?" అంది ప్రార్థనక్క.

తల్లి నాలిక కరుచుకుంది.

"తమ్ముడూ, ఏం చెప్పొద్దని?"

"రేపు సాక్ష్యాల్లో మొదటి పేరు నీదట, నువ్వేమో దేవుడిమీద అలిగావట," అన్నాడు డ్రైవరు. "అది విన్నాక నాకు ముద్ద దిగలేదక్కా. ఆయన తప్పేం లేదు. నిచ్చెన జారలేదు. నేనే వదిలేశాను."

ఆమె చేతిలో గరిటె అలాగే ఉండిపోయింది.

"ఎందుకు వదిలావు?"

డ్రైవరు ఆర్టిస్టు వంక చూశాడు. ఆర్టిస్టు కళ్ళు మూసుకున్నాడు.

"నువ్వే కదక్కా... చేతులెత్తమన్నావు."

ఆమెకి అర్థం కావడానికి కాస్త సమయం పట్టింది. ఆరోజు సాయంత్రం గోడమీద చివరి మాట ఒక్కటే మిగిలింది. పాస్టరుగారు, ఒక్క మాట ప్రార్థన చేసుకుని టీ తాగుదాం అన్నారు. అందరూ ఆమె వైపు చూశారు. ఆమె కళ్ళు మూసుకుని మొదలుపెట్టింది. ఆ గోడ, ఆ అక్షరాలు, అన్నీ తన భర్త చేతి రాత అన్న సంతోషంలో ఒళ్ళు మరిచిపోయింది. అందరం రెండు చేతులూ పైకెత్తి ప్రభువుని స్తుతిద్దాం అని ఎలుగెత్తి చెప్పింది. సంఘమంతా చేతులెత్తింది. నిచ్చెన పట్టుకున్నవాడు కూడా ఎత్తాడు. పాపం, వాడు ఎప్పుడూ ఆమె మాట జవదాటినవాడు కాదు.

"రెండూనా?" అంది ఆమె, నీరసంగా.

"రెండూ అన్నావుగా అక్కా."

"వాణ్ణొక్కణ్ణే అనకు," అన్నాడు ఆర్టిస్టు. ఇక దాచి లాభం లేదని తేలిపోయింది. "నేనూ ఎత్తాను."

"నిచ్చెన మీదా?"

"కుంచె ఉన్న చెయ్యి ఒక్కటే ఎత్తాను. రెండోది ఎత్తబోతుండగా కదిలింది."

"నేను చూశాను," అంది తల్లి, ముద్ద మింగి. "నాకు కళ్ళు మూసుకుంటే తల తిరుగుతుంది, అందుకని ప్రార్థనలో తెరిచే ఉంచుతాను. అందరూ చేతులెత్తి నిలబడ్డారు, మావాడు పైనుంచి వస్తున్నాడు. చూడ్డానికి వాణ్ణి పట్టుకోవడానికే ఎత్తినట్టున్నారు. ఒక్కడూ పట్టుకోలేదు."

డ్రైవరు నోటికి చెయ్యి అడ్డం పెట్టుకున్నాడు. ఏడుపో నవ్వో అతనికే తెలియలేదు. ఆర్టిస్టుకి మాత్రం నవ్వు తన్నుకొచ్చింది. మూడు వారాలుగా బిగబట్టిన నవ్వది. భార్య ముఖం చూసి గొంతులోనే మింగేశాడు.

"మీకు తెలుసన్నమాట," అంది ఆమె. "అందరికీ తెలుసు. నాకొక్కదానికే తెలీదు."

"చెబితే నువ్వు ప్రార్థన మానేస్తావని భయపడ్డానే."

"చెప్పకపోతే మానలేదా?"

"అదే కదా నా ఖర్మ!"

ఆమె గరిటె బల్లమీద పెట్టింది. చప్పుడు కాకుండా పెట్టింది. అది చూసి ఆర్టిస్టుకి నిజంగా భయం వేసింది. విసిరికొడితే బాగుండునని అనుకున్నాడు.

"అయితే మిమ్మల్ని పడేసింది నేనే," అంది. "మూడు వారాలుగా ఆయన్ని ఆడిపోసుకుంటున్నాను. నేనే పడేసి."

"అలా అనకు. నీకేం తెలుసు? నువ్వు కళ్ళు మూసుకున్నావు."

ఆమె పక్కగదిలోకి వెళ్ళిపోయింది. ఆమె కుట్టుమిషను ఉండే గది అది. పది ఇళ్ళ పిల్లల స్కూలు బట్టలు అక్కడే తయారవుతాయి. తలుపు వేసుకున్న చప్పుడైంది.

ముగ్గురూ ఎక్కడివాళ్ళక్కడ ఉండిపోయారు. మిషను చప్పుడు వస్తుందేమోనని ఎదురుచూశారు. రాలేదు.

"నేను రాకుండా ఉండాల్సిందన్నా," అన్నాడు డ్రైవరు.

"నోర్మూసుకోరా. కూర్చో."

"ఇక జన్మలో నోరు విప్పదేమోరా," అంది తల్లి. ఆవిడ కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. "నేను ఎంతకాలమని చెయ్యను ప్రార్థన? నాకు ఎక్కడ ఆపాలో తెలీదు."

ఆర్టిస్టు లేచి తలుపు దగ్గరికి వెళ్ళాడు. తట్టడానికి కుడిచెయ్యి ఎత్తి, ఆగిపోయాడు.

లోపలినుంచి మాట వినిపించింది.

ముందు సన్నగా వినిపించింది. తర్వాత స్పష్టంగా వినిపించింది.

"...ఆగు, ముందు నన్ను చెప్పనీ. మూడు వారాలు నోరు కట్టుకుని ఉన్నాను, ఇక నావల్ల కాదు."

ఆర్టిస్టు వెనక్కి తిరిగి రమ్మని చెయ్యి ఊపాడు. తల్లి చెంగు దోపుకుని వచ్చింది. డ్రైవరు మునివేళ్ళమీద వచ్చాడు. అతని బరువుకి నేల కదిలింది.

"ఎవరితో?" అన్నాడు డ్రైవరు గుసగుసగా.

"ష్..."

"తప్పు నాదే, సరే," అంటోంది ఆమె. "ఒళ్ళు మరిచి అరిచాను. నలుగురూ ఆహా అనుకోవాలని కూడా కాస్త అరిచాను. అది నీకు తెలుసు, ఎవరికీ చెప్పకు. వాడు వెర్రిబాగులవాడు, ఎత్తమంటే ఎత్తాడు. మా ఆయన ఇంకా వెర్రిబాగులవాడు. మాకైతే బుద్ధి లేదు. నీకేమైంది? నీకు చేతులెత్తి ఎవర్నీ స్తుతించాల్సిన పని లేదుగా! ఖాళీగానే ఉన్నాయిగా! ఒక్క చెయ్యి అడ్డం పెడితే నీ సొమ్మేం పోయింది?"

"తిడుతోంది," అంది తల్లి, ముఖం వెలిగిపోతుండగా.

"దేవుణ్ణా?" డ్రైవరు హడలిపోయాడు.

"ఆఁ! ఆయన్నే!"

"పంచదార పాకం అమ్మేవాడికి అసలు తేనె అని బోర్డు రాయనన్న మనిషి మా ఆయన. నీకు తెలీదా? తెలుసు. అన్నీ తెలుసు నీకు. ఆ వేలు పట్టుకుని వచ్చాను నిన్న. చల్లగా ఉంది. నేను పట్టుకున్నానని ఆయనకి తెలీనే లేదు..."

గొంతు ఆగిపోయింది. కాసేపు ఏడుపు ఒక్కటే వినిపించింది. తలుపుకి ఇవతల ముగ్గురూ ఏడ్చారు. అందరికంటే ఎక్కువ డ్రైవరే ఏడ్చాడు. తల్లి తన చెంగు అతనికిచ్చింది.

మళ్ళీ మాట వచ్చింది. ఈసారి నెమ్మదిగా వచ్చింది.

"నువ్వు లేవనుకుందామని కూడా చూశాను. నాకు చేతకాలేదు. లేనివాడిమీద ఇంత కోపం ఎలా వస్తుంది? చెప్పు."

ఆర్టిస్టు తలుపు చెక్కకి నుదురు ఆనించాడు. అతనికి ఎక్కడలేని సంతోషం కలిగింది. ఇరవై రెండేళ్ళుగా ఎన్ని ప్రార్థనలు విన్నాడో! ఇంత మంచి ప్రార్థన ఎప్పుడూ వినలేదనిపించింది. వేళ్ళు రాకపోతే పోయె అని కూడా ఒక్క క్షణం అనుకున్నాడు. వెంటనే, ఆయన ఆ మాట నిజమనుకుంటాడేమోనని, రానివ్వు ప్రభువా అని లోపల సర్దుకున్నాడు.

తలుపు ఠక్కున తెరుచుకుంది.

ఆనుకున్నవాడు ఆనుకున్నట్టే లోపలికి తూలాడు. ఆమె రెండు చేతులతోనూ పట్టుకుంది.

"ముగ్గురూ ఇక్కడే ఉన్నారా?" అంది. కళ్ళు ఎర్రగా ఉన్నాయి. గొంతు మాత్రం పాత గొంతే. "సిగ్గులేదూ? అన్నం అలా వదిలేసి?"

"చల్లారిపోయింది అమ్మాయ్," అంది తల్లి వినయంగా.

"చల్లారక? కుళాయి నుంచి సంబంధాలదాకా చెప్పాక ఇంకా వేడిగా ఉంటుందా అత్తయ్యా? కూర్చోండి. తమ్ముడూ, నువ్వూ కూర్చో. నిన్ను తర్వాత చూసుకుంటాను."

కూర వేడిచేసి తెచ్చింది. నాలుగు కంచాలు పెట్టింది. తనూ కూర్చుంది. మూడు వారాల్లో ఆమె వాళ్ళతో కలిసి బల్ల దగ్గర కూర్చోవడం అదే మొదటిసారి. ఆర్టిస్టు కుడిచేతిని తన చేతిలోకి తీసుకుంది. కళ్ళు మూసుకోలేదు.

"ప్రభువా, అన్నం ఇచ్చావు, తింటాం. ఈ నరం బాగుచెయ్యి. చెయ్యకపోతే రోజూ అడుగుతాను, నీకు విసుగొచ్చేదాకా అడుగుతాను. ఈ తమ్ముణ్ణి ఇవాళైనా కంటినిండా నిద్రపోనియ్యి. మిగతా సంగతులు రేపు మాట్లాడదాం."

అంతటితో ఆగిపోయింది. ముగ్గురూ ఇంకా తలలు వంచుకునే ఉన్నారు.

"ఆమెన్ అనవేం అమ్మాయ్?" అంది తల్లి.

"ఇంకా మాట్లాడుకుంటున్నాం అత్తయ్యా. మధ్యలో ఆమెన్ ఏమిటి? తినండి." తర్వాత భర్తవైపు తిరిగింది. "పాస్టరుగారికి ఫోన్ చేసి నా పేరు ఉంచమని చెప్పండి. సాక్ష్యం చెబుతాను."

ఆర్టిస్టు చెంచా గాల్లో ఆగింది. "ఏమని?"

"నిచ్చెన ఎందుకు పడిందో చెబుతాను. నా గొంతు నాకే ముద్దొచ్చి, కింద ఎవరేం పట్టుకున్నారో చూడకుండా అరిచానని చెబుతాను. ఆయన మిమ్మల్ని ఎందుకు పట్టుకోలేదో నాకింకా తెలీదనీ, ఇంకా కోపంగానే ఉన్నాననీ చెబుతాను. అంతా విన్నాక నాచేత ప్రార్థన చేయించుకుంటారో, ఆ మూడో బెంచీలోంచి లేవమంటారో, వాళ్ళిష్టం."

"అక్కర్లేదే! అందరికీ తెలిసిందే కదా, ఎవరూ ఏమనుకోవడం లేదు. పదేళ్ళుగా నిన్ను..."

"అందుకే చెప్పాలి."

అతను మళ్ళీ వద్దనడానికి నోరు తెరిచాడు. తెరిచిన నోట్లో ఆమె ముద్ద పెట్టేసింది. ఇక అతను ఎంత నమిలినా ఆమె ముఖంలో ఆ పట్టుదల మారలేదు. భయం కూడా ఉంది ఆ ముఖంలో.

డ్రైవరు ఒక్క మెతుకూ ముట్టలేదు. చెమట తుడుచుకుంటున్నాడు.

"అక్కా," అన్నాడు చివరికి, "రేపు నా పేరు కూడా చెబుతావా?"

"ముందు నాది చెప్పనీ తమ్ముడూ," అంది ప్రార్థనక్క. "అప్పటికి వాళ్ళింకా లేచి వెళ్ళిపోకుండా ఉంటే, నీది చెబుతాను."